అత్తగారి మూడు బల్బులు

ముందే చెబుతున్నాను, ఈ కథలో గుండుసూది మొనంత కల్పన కూడా లేదు. అబద్ధాలతో కథ అల్లుకోవలసిన ఖర్మ నాకేం పట్టింది? జరిగిందే కావలసినంత ఉంది. ఈ కథలోని గూఢచారి ఎంతటివాడంటే, భయం అతని గుమ్మం దాకా వచ్చి, అడ్రసు తప్పనుకుని వెనక్కి వెళ్ళిపోయేది. పరుగెత్తే రైలు పైకప్పు మీద నిలబడి టై సరిచేసుకున్నవాడు. మొసలి నోట్లో మైక్రోఫిల్మ్ దాచి, మర్నాడు వెళ్ళి అదే మొసలిని అడిగి తెచ్చుకున్నవాడు.

అతని కోడ్ నేమ్ తొండ.

నవ్వకండి. రంగులు మార్చే జాతి కనుక ఊసరవెల్లి అనే పెడదామనుకున్నారు. ఆ పేరు అప్పటికే ఒక సీనియర్ ఏజెంటు వాడుకుంటున్నాడు. "తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు కదయ్యా. ముదురు, అప్పుడు చూద్దాం" అన్నాడు చీఫ్. అప్పటినుంచీ మనవాడు ముదురుతూనే ఉన్నాడు.

ఆ ఉదయం తొండ ఒక డ్రైక్లీనింగ్ షాపులోకి అడుగుపెట్టాడు. కౌంటర్లో ఉన్నవాడు తలెత్తలేదు.

"కోటు మీద మరక పడింది."

"ఏం మరక?"

"సిరా."

"సిరా మరకకి గ్యారంటీ లేదు. లోపలికి రండి."

వేలాడే కోట్ల వెనక, ఇస్త్రీ ఆవిరి మధ్య, చీఫ్ ఫోటోలు పరుచుకుని కూర్చున్నాడు.

"కూర్చో. కాలు ఊపకు. బల్ల కదులుతోంది."

తొండ కాలు ఆపాడు. వెంటనే చేతిలో పెన్ను టిక్కుటిక్కుమనడం మొదలైంది. ఏదో ఒకటి కదలకపోతే అతనికి ఊపిరాడదు.

"ఈయన ప్రొఫెసర్. మన రహస్య సందేశాల సైఫర్ మెషీన్ కనిపెట్టింది ఈయనే. దాని గుట్టు ఈయన తలలో తప్ప ఎక్కడా లేదు. ఈయన పోతే మెషీనూ పోయినట్టే."

"ఇల్లు కదలడని విన్నాను."

"ఈ ఆదివారం కదులుతాడట. చిన్నప్పుడు ఫిజిక్స్ చెప్పిన టీచరమ్మ రిటైరైందని పాత విద్యార్థులు సన్మానం పెట్టారు. వద్దన్నాం. 'రాకపోతే ఆవిడ చెవి మెలేస్తుంది' అంటాడు. ఇంత వయసొచ్చి!"

"అడ్డమెవరు?"

"సాలీడు."

పెన్ను టిక్కుమనడం ఆగింది. సాలీడు పరాయి దేశపు ముఠా నాయకుడు. అతని ముఖం చూసినవాళ్ళు లేరు, అంటే చూసి బతికినవాళ్ళు లేరు. అతని చేతిలో పోయినవాళ్ళందరూ ప్రమాదంలోనే పోయారు. ఒకడు మెట్ల మీంచి జారాడు, ఒకడి మీద పూలకుండీ పడింది. పోలీసులు కూడా 'అయ్యో పాపం' అని వెళ్ళిపోయేంత శుభ్రంగా చేస్తాడు.

చీఫ్ రెండో ఫోటో తోశాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న అమ్మాయి. సినిమా పోస్టరు చించి తెచ్చినట్టుంది.

"గాగుల్స్ అంటారు. మన దగ్గరా జీతం, సాలీడు దగ్గరా జీతం. ఏ రోజు ఎవరి పక్షమో ఆమెకే పొద్దున్న లేచి ఆలోచించుకుంటే గానీ తెలియదు. సభకి యాంకర్ ఈమే."

"నా వేషం?"

"టీచరమ్మ వేదిక మీద ఏదో ప్రయోగం చేస్తుందట. పక్కన సామాన్లందించే అసిస్టెంటు కావాలి. అది నువ్వు."

"ఆవిడ ఒప్పుకోవాలిగా?"

చీఫ్ మూడో ఫోటో తోశాడు. బిగించిన ముడి, మందపాటి కళ్ళద్దాలు, చేతిలో చెక్క స్కేలు. తొండ ఫోటో వంక చూశాడు.

"ఈవిడ మా అత్తగారు సార్!"

"అందుకేనయ్యా నిన్ను పిలిచింది. మారువేషం ఖర్చు మిగిలింది."

భయం అతని గుమ్మం తొక్కదన్నాను కదూ. అది సొంత ఇంటి గుమ్మం సంగతి. అత్తగారి ఇల్లు రెండు వీధుల అవతల ఉంది.

బయలుదేరేముందు సామాన్ల గదిలో ఆయుధాలిచ్చారు. తీగలు కోసే పెన్ను. తీగలు కోసే వాచీ. మడమ తిప్పితే తీగలు కోసే బూటు. ఆ డిపార్ట్‌మెంటు పుట్టినప్పటినుంచీ గోడ మీద ఒకటే సూత్రం: 'అనుమానం వస్తే కత్తిరించు.' ఫోను తీగలు కోసి, అలారం తీగలు కోసి పేరు తెచ్చుకున్నవాళ్ళు. గోటితో పోయేదానికి కూడా గొడ్డలే తీస్తారు. షాకు కొట్టకుండా అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగు, పింగాణీ బ్లేడు.

"కలిపేది ఏదైనా ఉందా?" అని యథాలాపంగా అడిగాడు తొండ.

సామాన్లాయన నొచ్చుకున్నాడు. "కలపడానికి మనమేమన్నా పెళ్ళిళ్ళ పేరయ్యలమా?"

అత్తగారి దృష్టిలో అల్లుడు నీళ్ళ పంపులమ్మే సేల్స్‌మన్. తరచూ ఊళ్ళు తిరుగుతాడు, చొక్కాకి బొత్తాలుండవు, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడు. ఇవన్నీ ఆవిడ పంపుల వ్యాపారం లక్షణాలనే అనుకుంటోంది.

"అసిస్టెంటుగానా? మీరా?" ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఎందుకు అల్లుడుగారూ, పంపులు అమ్ముడుపోవడం లేదా?"

"మీకు సాయంగా ఉంటుందని, అత్తయ్యగారూ."

"నా పక్కన నిలబడాలంటే పాఠం రావాలి. కూర్చోండి."

వంటింటి బల్ల మీద ఒక చెక్కపలక పెట్టింది. దాని మీద వరుసగా మూడు చిన్న బల్బులు, పక్కన ఒక బ్యాటరీ, కొన్ని తీగలు. తొండ అలవాటుగా బ్యాటరీ మీద చెయ్యి వేశాడు. స్కేలు చెళ్ళుమంది.

"అడక్కుండా నా అపరాటస్ ముట్టుకున్నవాడు ఇంతవరకూ దెబ్బ తినకుండా పోలేదు. ఇన్‌స్పెక్టరుతో సహా."

పక్క గదిలోంచి, అమ్మని చూడటానికి వచ్చిన అతని భార్య కిసుక్కున నవ్వింది. "ఏమండీ, మందు రాయనా?"

"ఇదిగో బ్యాటరీ, ఇదిగో బల్బు. ఒక తీగ కలిపాను. ఎందుకు వెలగలేదు?"

"కరెంటు ఇంకా చేరలేదేమో."

"ఉత్తరమా, చేరడానికి? పోవడానికి దారి ఉంటే చాలదు అల్లుడుగారూ, తిరిగి బ్యాటరీ దగ్గరికి రావడానికి కూడా ఉండాలి. చుట్టు పూర్తి కావాలి. అదే సర్క్యూట్." రెండో తీగ కలిపింది. బల్బు వెలిగింది. తర్వాత మూడు బల్బులూ ఒకదాని వెనక ఒకటి కలిపింది. "ఇలా వరుసగా కలిపితే సిరీస్ అంటారు. స్విచ్ వెయ్యకముందే చెప్పండి. మూడింటిలో ఏది బాగా వెలుగుతుంది?"

తొండ తన వృత్తి జ్ఞానమంతా కూడగట్టాడు. ఒక రహస్యం మనిషి నుంచి మనిషికి చేతులు మారేకొద్దీ ఎవడి వాటా వాడు నొక్కేస్తాడు, చివరివాడికి చేరేసరికి తొక్క మిగులుతుంది. కరెంటుకి మాత్రం వేరే న్యాయముంటుందా?

"మొదటిది" అన్నాడు ధీమాగా. "అది తాగేయగా మిగిలింది రెండోదానికి. మూడోది గుడ్డిదే."

ఆవిడ స్విచ్ వేసింది. మూడూ సరిసమానంగా వెలిగాయి.

"సైకిలు తొక్కారా ఎప్పుడైనా?"

"తొక్కాను."

"చెయిన్ చక్రాన్ని తిప్పుతుంది. చక్రం దగ్గర చెయిన్ కొంచెం అరిగిపోయి, వెనక్కి తక్కువగా వస్తుందా?"

"రాదు."

"ముందున్న లంకె ఎంత వేగంగా పోతే వెనకది అంతే. కరెంటూ అంతే. బల్బు కరెంటుని తినదు. కరెంటు మోసుకొచ్చిన శక్తిని వాడుకుంటుంది. చెయిన్‌లో ఎక్కడైనా ఒక్క లంకె తెగితే?"

"మొత్తం ఆగిపోతుంది."

"ఎక్కడ తెగినా?"

"ఎక్కడ తెగినా."

ఆవిడ మధ్య బల్బు మర తిప్పి తీసింది. మూడూ ఆరిపోయాయి. "సభలో చివర చేసేది ఇదే. ఎన్నేళ్ళుగానో మధ్య బల్బే తీస్తున్నాను, ఒక్కసారి కూడా తప్పలేదు." మళ్ళీ బిగించి, నాలుగో బల్బు అదే వరుసలో చేర్చింది. అన్నీ కలిసికట్టుగా మందగించాయి. "చెయిన్‌కి కొత్త బరువు తగిలించామనుకోండి, అందరికీ నీరసమే. ఇక ఇది చూడండి." నాలుగోది తీసేసి, మధ్య బల్బు కూడా పీకి, ఖాళీ అయిన సాకెట్టు రెండు కొసలనీ ఒక తీగముక్కతో కలిపింది. మిగతా రెండూ భగ్గుమని వెలిగాయి. "ఇది పక్కదారి. దారి తెగినచోట పక్కదారి వేస్తే ప్రయాణం ఆగదు. అర్థమైందా, వెలిగిందా?"

వెలిగింది. తొండ ఆ వయసులో తొలిసారి ఫిజిక్స్ పాఠానికి తల నిజంగా ఊపాడు.

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో గాగుల్స్.

"నమస్కారం టీచర్. యాంకర్‌ని. ప్రోగ్రాం వివరాలు రాసుకుందామని వచ్చాను." నల్లకళ్ళద్దాల వెనక కళ్ళు ఎటు చూస్తున్నాయో తెలియదు. "ఈయన?"

"మా అల్లుడుగారు. పంపులు."

"ఓ. పంపులు!" అంది గాగుల్స్, నవ్వు పెదవుల చివర ఆపి.

ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. ఇద్దరూ నమస్కారాలు పెట్టుకున్నారు. అత్తగారు ముచ్చటపడి ప్రయోగమంతా మళ్ళీ చేసి చూపించింది. మధ్య బల్బు తీస్తానని, సరిగ్గా ఉపన్యాసం ఆఖర్న తీస్తానని, అంతసేపూ ప్రొఫెసర్ తన పక్కనే కూర్చుంటాడని పూసగుచ్చినట్టు చెప్పింది. తొండ కాలుకాలిన పిల్లిలా వంటింట్లో తిరిగాడు. దగ్గాడు. గ్లాసు పడేశాడు. ఆవిడ ఆగితేనా?

"ఏమిటి అల్లుడుగారూ, నిలకడగా కూర్చోలేరా?"

ఆదివారం పొద్దున్న అతని చొక్కాకి మళ్ళీ బొత్తాం లేదు. వేదికెక్కే మనిషి ఇలాగా అని అత్తగారు విసుక్కుని, తన గాజుకి వేలాడుతున్న పిన్నీసు తీసి అక్కడ గుచ్చింది.

సభాస్థలం ఒక పాత హాలు. వేదిక మీద టేబులు, నాలుగు కుర్చీలు. వాటికి సరిగ్గా పైన, కప్పునుంచి వేలాడే ఇనుప చక్రం. దాని చుట్టూ దీపాలు. పదిమంది పట్టినా లేవని బరువు.

తెల్లవారగానే డిపార్ట్‌మెంటువాళ్ళు వచ్చి తనిఖీ చేశారు. వాళ్ళ తనిఖీ తెలిసిందేగా. అనుమానం వచ్చిన తీగనల్లా కత్తిరించారు. మైకు తీగ పోయింది, తెర లాగే మోటారు తీగ పోయింది, గోడగడియారం తీగ పోయింది. హాలు సురక్షితం అని రిపోర్టిచ్చి టిఫిన్‌కి వెళ్ళిపోయారు.

నిర్వాహకులు గుండెలు బాదుకుని, దొరికిన ఎలక్ట్రీషియన్‌ని పట్టుకొచ్చారు. నీలం చొక్కా, మెత్తటి మాట. గబగబా తీగలన్నీ అతికాడు, ప్రయోగం పలక పెట్టిన టేబులు కింద కూడా ఏదో సర్దాడు. నిచ్చెనేసుకుని కప్పుదాకా ఎక్కాడు. నిచ్చెన ఊగుతుంటే కింద పట్టుకున్నది ఎవరనుకున్నారు? మన తొండే.

"ఆ డబ్బా ఏమిటయ్యా?"

"చోక్ సార్. మైకులో గుయ్యిమనకుండా."

తొండకి కొత్తగా వచ్చిన విద్య నాలుక మీద దురద పెట్టింది. "సిరీస్‌లో కలిపావా?"

"అవును సార్. సార్‌కి సబ్జెక్టు బాగా తెలిసినట్టుందే!"

తొండ ఛాతీ ఉబ్బింది. పిన్నీసు కొంచెం గుచ్చుకుంది.

జనం నిండారు. ప్రొఫెసర్ వచ్చి గురువుగారి కాళ్ళకి నమస్కరించి, చెవి కాపాడుకుంటూ పక్కన కూర్చున్నాడు. తొండ చూపు హాలంతా పరుగులు పెడుతోంది. మూడో వరుసలో కోటు, తలుపు దగ్గర సంచీ, బాల్కనీలో తుమ్మినవాడు. ఎక్కడా ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అతన్ని తినేస్తోంది. సాలీడు చంపాలంటే ప్రమాదం జరగాలి. ఇక్కడ ప్రమాదం ఎక్కడుంది?

గాగుల్స్ మైకు ముందు తేనె ఒలికించింది. సన్మానమైంది. అత్తగారు లేచి, టేబులు ముందుకొచ్చి స్విచ్ వేసింది.

మూడు బల్బులూ వెలిగాయి. కానీ మందంగా.

"బ్యాటరీ నీరసపడిందే" అని గొణుక్కుని, ఆవిడ పాఠంలోకి వెళ్ళిపోయింది.

తొండ వీపు మీద చీమ పాకినట్టయింది. బ్యాటరీ కొత్తది. పొద్దున్న అతనే ఇంట్లో పెట్టి చూశాడు, బల్బులు కళ్ళు చెదిరేలా వెలిగాయి. అవే బల్బులు, అదే బ్యాటరీ. వెలుగు మాత్రం తగ్గింది. ఒకటి మందగిస్తే ఆ బల్బుది తప్పు. మూడూ కలిసి మందగిస్తే?

చెయిన్‌కి కొత్త బరువు తగిలించారు. నాలుగోది ఏదో ఇదే వరుసలో ఉంది. ఎక్కడ?

బూటు లేసు కట్టుకునేవాడిలా వంగి టేబులు కిందికి దూరాడు. పొడవాటి గుడ్డ వేలాడుతోంది కనుక జనానికి కనబడడు. పలక వెనకనుంచి రెండు సన్నటి తీగలు టేబులు కాలు వెంట దిగి, తివాచీ కిందికి పోయి, తెర అంచున పైకి పాకుతున్నాయి. కళ్ళతో వాటి వెంటే వెళ్ళాడు. పైకి. ఇంకా పైకి. ఇనుప చక్రం దగ్గర, చోక్ అని చెప్పిన డబ్బాలోకి.

డబ్బా పక్కన చక్రాన్ని పట్టుకున్న పెద్ద బోల్టు లేదు. దాని చోట వేలంత కడ్డీ ఉంది. కడ్డీ వెనక లాగిపట్టిన స్ప్రింగు. అంతకుముందు కడ్డీని ఆపిన చీల, స్విచ్ వేసి కరెంటు పారగానే ఊడి పక్కన వేలాడుతోంది; ఇప్పుడు కడ్డీని జారకుండా ఆపుతున్నది ఆ డబ్బా ఒక్కటే.

అది చోక్ కాదు. తీగచుట్ట. కరెంటు పారుతున్నంతసేపే అయస్కాంతం. కరెంటు ఆగిన క్షణం కడ్డీ జారుతుంది, చక్రం పడుతుంది. వేదిక మీద గురువూ శిష్యుడూ ఇద్దరూ దాని కిందే. రేపు పేపర్లో 'పాత హాలు, తుప్పు పట్టిన బోల్టు' అని వస్తుంది. కరెంటు ఆపేది ఎవరు? స్వయంగా అత్తగారే. మధ్య బల్బు తీసి.

తొండ చెయ్యి తనంతట తానే పెన్ను తీసింది. బ్లేడు తెరుచుకుంది. అనుమానం వస్తే కత్తిరించు. బ్లేడు తీగకి ఆనింది.

"కొయ్యకండి." చెవి పక్కన గుసగుస. జారిపడ్డ కాగితం ఏరుకునే నెపంతో గాగుల్స్ వంగింది.

"కొయ్యొద్దని చెప్పేది మీరా? ఏ పక్షం తరఫున?"

"నా పక్షం. నా కుర్చీ కూడా ఈ చక్రం కిందే వేశాడు సాలీడు. ప్రోగ్రాం అంతా నా దగ్గరే తెలుసుకుని! ఇప్పుడే పైకి చూశాను."

నమ్మాలా? ఆమె మాట మీద గడ్డిపోచ కూడా ఆరవెయ్యలేం. ఆమె సంగతి వదిలేయ్. చెయిన్ ఏమంటోంది? ఎక్కడ తెగినా మొత్తం ఆగుతుంది. అక్కడ బల్బు తీసినా, ఇక్కడ తీగ కోసినా ఒకటే. ఈ పెన్నుతో తను చేయబోయింది సాలీడు పనే!

బ్లేడు వెనక్కి తీశాడు.

పైన అత్తగారి గొంతు వినిపిస్తోంది. "...కనుక పిల్లలూ, ఇప్పుడు నేను మధ్య బల్బు తీస్తాను. మిగతావి ఏమవుతాయి?" తలలు నెరిసిన పిల్లలందరూ ఏకకంఠంతో, "ఆరిపోతాయి టీచర్!"

ఆవిడ వేళ్ళు బల్బు మీద పడ్డాయి. అరిచి ఆపుదామా? ఇన్నేళ్ళలో పాఠం మధ్యలో ఎవరో అరిస్తే ఆవిడ ఆగిన దాఖలా లేదు. పక్కదారి. పక్కదారి కావాలి. ఆ సాకెట్టు రెండు కొసలూ కలపాలి. పెన్ను? పింగాణీ. వాచీ? ప్లాస్టిక్. బూటు? రబ్బరు. డిపార్ట్‌మెంటు సామానంతా ఒంటిమీదే ఉంది, కరెంటు పారే ఇనుపముక్క ఒక్కటి లేదు.

"ఇనుము! ఏదైనా ఇనుము!"

గాగుల్స్ తల వెనక్కి చెయ్యి పోనిచ్చి హెయిర్‌పిన్ లాగింది. నల్లటి జుట్టు జలపాతంలా భుజాల మీదికి జారింది. హాల్లో ముందు వరుస పాఠం మర్చిపోయింది. తొండకి చూసే తీరికేదీ? పిన్ను లాక్కుని, టేబులు వెనకవైపునుంచి చెయ్యి పైకి చాచి, పలక వెనక మధ్య సాకెట్టు రెండు మరల మధ్యా అడ్డంగా అదిమిపెట్టాడు.

మధ్య బల్బు ఊడివచ్చింది.

మిగతా రెండూ ఆరిపోలేదు. పైగా భగ్గుమన్నాయి.

హాల్లో ఎవరో కిచకిచ నవ్వారు. అత్తగారు చేతిలోని బల్బు వంక, వెలుగుతున్న బల్బుల వంక మార్చిమార్చి చూసింది. సూర్యుడు పడమట పొడిచినా ఆవిడ అంత ఆశ్చర్యపోయేది కాదు.

తెర పక్కనుంచి నీలం చొక్కా చరచరా వచ్చింది. "లూజ్ కాంటాక్ట్ మేడమ్, ఒక్క నిమిషం, నేను చూస్తాను." చెయ్యి నేరుగా బ్యాటరీ మీదికి చాచాడు. ఆ మెత్తటి మాట వెనక మనిషెవరో తొండకి అప్పుడు తెలిసింది. సాలీడు! నిచ్చెన పట్టుకుని ఎక్కించింది తనే! కానీ లేవలేడు. లేస్తే పిన్ను జారుతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా టేబులు కింద గిలగిల్లాడాడు.

చెళ్ళు!

సాలీడు ముఖం చూసినవాళ్ళు బతకలేదంటారు గానీ, సాలీడు మణికట్టు మీద చెక్క స్కేలు పడగా చూసినవాళ్ళు ఆ రోజు హాలు నిండా ఉన్నారు.

"అడక్కుండా నా అపరాటస్ ముట్టుకుంటావా? ఏ క్లాసు నువ్వు?"

"అత్తయ్యగారూ!" టేబులు కిందనుంచి కేక. "చెయిన్ కప్పుదాకా వెళ్ళింది! తెగకూడదు!"

ఆవిడ గుడ్డ ఎత్తి చూసింది. అల్లుడు, పిన్ను, పలక వెనక అదనపు తీగలు. ఆవిడ చూపు తీగ వెంట పాకి కప్పుదాకా పోయింది. ఒక్క క్షణం. అంతే. ఆ క్షణంలో ఆవిడకి అర్థమైనంత డిపార్ట్‌మెంటుకి ఏడాదిలో కాదు.

"వేదిక మీదున్నవాళ్ళందరూ దిగండి. వరుసగా. తోసుకోకుండా."

క్లాసులో వాడే గొంతు. ప్రొఫెసర్ చేతులు కట్టుకుని దిగాడు. గాగుల్స్ దిగింది. సాలీడు కూడా అలవాటు చొప్పున రెండడుగులు వరుసలో నడిచి, తర్వాత గుర్తొచ్చి పారిపోబోయాడు. "పట్టుకోండర్రా వాణ్ణి!" అంది టీచరు. ఊరిలోని సగంమంది డాక్టర్లూ ప్లీడర్లూ ఆవిడ శిష్యులే. ఒకేసారి మీద పడ్డారు.

వేదిక ఖాళీ అయింది. టేబులు కింద తొండ ఒక్కడే ఉన్నాడు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఎప్పుడూ ఏదో ఒకటి కదిపే మనిషికి కదలకుండా ఉండటమంత శిక్ష లేదు. కాలు ఊపబోయి ఆపుకున్నాడు.

"మీరూ వెళ్ళండి అత్తయ్యగారూ. నేను వదిల్తే పడుతుంది."

"తల పక్కకి పెట్టండి." ఆవిడ మోకాళ్ళ మీద టేబులు కిందికి దూరింది. సన్మానపత్రం చుట్టిన పట్టుదారం విప్పి, పిన్నుని రెండు మరలకీ బిగించి ముడేసింది. "పట్టుకోవడానికి మనిషెందుకు? ముడి చాలదూ? మా అమ్మాయికేం సమాధానం చెప్పమంటారు నన్ను?"

ఇద్దరూ దోగాడుతూ బయటపడి, మెట్లు దిగి, తెర అంచున తీగ పైకెక్కే చోట నిలబడ్డారు. హాలంతా గోడలకి అతుక్కుపోయింది.

"ఇప్పుడు కొయ్యండి, అల్లుడుగారూ."

టిక్.

కడ్డీ జారింది. ఇనుప చక్రం ఒక్కసారిగా దిగింది. నాలుగు కుర్చీలూ, టేబులూ, సన్మానపత్రమూ నుగ్గునుగ్గు. దుమ్ము అణిగాక చూస్తే, వెలగని రెండు బల్బులు మాత్రం దొర్లుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర ఆగాయి. మూడోది ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

"చూశారా పిల్లలూ" అంది. "తెగితే ఏమవుతుందో."

డిపార్ట్‌మెంటు పెన్ను అన్నేళ్ళలో చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

గాగుల్స్ ఆ గొడవలో మాయమైంది. ఏ పక్షం జీతం మానేసిందో తెలియదు. చీఫ్ మర్నాడు కోట్ల వెనక కూర్చుని, "ముదిరావయ్యా" అన్నాడు. "ఇవాల్టినుంచి నువ్వే ఊసరవెల్లివి. ఆ సీనియర్ రిటైరయ్యాడు." గోడ మీది సూత్రం కింద కొత్తగా ఇంకో వాక్యం రాయించాడు: 'కత్తిరించేముందు చెయిన్ ఎటు పోతోందో చూడు.' సామాన్లాయన ముఖం మాడ్చుకుని ఒక రాగితీగ ముక్క ఇచ్చాడు. అది అతను కనిపెట్టినట్టు దాని మీద నంబరు కూడా వేశాడు.

అత్తగారు మాత్రం అల్లుణ్ణి ఒక్కటే అడిగింది. "పంపుల కంపెనీలో పెన్నులు తీగలు కోస్తాయా?"

"కొత్త మోడల్, అత్తయ్యగారూ."

"ఊఁ. తర్వాతిసారి ఊరు వెళ్ళేటప్పుడు బొత్తాలు కుట్టించుకుని వెళ్ళండి." అంతకుమించి ఆవిడ అడగలేదు. అడగకుండా ఊరుకోవడం కూడా ఒక విద్యే.

ఇదీ కథ. గుండుసూది మొనంత కల్పన లేదన్నాను, ఆ మాటకి కట్టుబడే ఉన్నాను. గుండుసూది లేదు. హెయిర్‌పిన్ మాత్రం నేను పెట్టిందే. ఆ జలపాతం లాంటి జుట్టు కూడా. గాగుల్స్‌ది పొట్టి క్రాఫు. సాకెట్టులో నిజంగా అడ్డం పెట్టింది, పొద్దున్న అత్తగారు అల్లుడి చొక్కాకి విసుక్కుంటూ గుచ్చిన పిన్నీసు. కానీ పిన్నీసుతో దేశం గట్టెక్కిందంటే గూఢచారి కథ అని మీరు నమ్ముతారా?